పద్యం ముక్క ఇచ్చి ఖాళీ పూరించమంటే ఎట్టా పూరిస్తున్నారు?

పెన్నఒడ్డు (నెల్లూరు):
అందరికీ నమస్కారం. ఆదివారం పేపర్లో వచ్చే గళ్ల నుడికట్టు నేనూ మా అమ్మా వదలకుండా చేస్తాం. మామూలు ఆధారాలకి ఇబ్బందేం లేదు, తిరగేసిన మాటలు, అక్షరాలు అటూఇటూ అయినవి ఎట్టోకట్టా పడతాయి. కానీ ఈమధ్య పద్యం ముక్క ఒకటి ఇచ్చి మధ్యలో గీత పెట్టి "ఓ కవి మాట" అని వదిలేస్తున్నారు, ఏ కవో చెప్పరు ఏ కావ్యమో చెప్పరు. వేమన, సుమతి అయితే సరే, చిన్నప్పుడు బడిలో అప్పజెప్పినవే. ఎవరూ చదవని ప్రబంధంలోంచి ఓ అరపాదం తీసిస్తే ఏంది చేసేది? తెలిస్తే తెలిసినట్టు, లేకపోతే ఆలోచించడానికి అందులో ఏమీ లేదు. అడ్డం, నిలువు రెండూ అట్టాంటివే వచ్చి ఒకదాన్నొకటి కోసుకుంటే ఆ మూల మొత్తం ఖాళీ. తిక్కన ఊరోళ్లం అయ్యుండి ఇదీ తెలీదా అంటారు మా బంధువులు, భారతంలో ఆయన రాసిందే 15 పర్వాలు, అన్నీ ఎవరికి నోటికొస్తాయబ్బా? ఫోన్‌లో వెతకడానికి అమ్మ ఒప్పుకోదు. మీరెట్టా చేస్తున్నారో చెప్పండి.

కావలి తెలుగు మాస్టారు:
అమ్మాయ్, పద్యం తెలీకపోయినా ఛందస్సు సగం దారి చూపిస్తుంది. కంద పద్యం అయితే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు, అదే ప్రాస. "అక్కరకు రాని చుట్టము మ్రొక్కిన వరమీని వేల్పు" ఇచ్చి మూడో పాదం మొదటి మాట అడిగారనుకో, రెండో గడిలో "క్క" పడాల్సిందే, "కి" గుణింతమైనా "కు" గుణింతమైనా హల్లు మారదు. రెండు, నాలుగు పాదాల్లో నాలుగో గణం (పాదంలో అక్షరాల గుంపు) దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరానికి సరిపడే అక్షరం కూడా ఉంటుంది, మ్రొక్కినకి అదే పాదంలో తర్వాత వచ్చే మోహరమున అట్టాగే కుదిరింది. రెండు పాదాలన్నా ఇస్తేనే ఇదంతా పనికొస్తుంది, అరపాదం ఇచ్చేవాళ్లది మాత్రం అన్యాయమే.

పెన్నఒడ్డు:
మాస్టారూ చాలా థాంక్స్, ఇది ఎవరూ చెప్పలేదు నాకు. కానీ అదే పద్యంలో ఇంకో చిక్కుంది చూడండి. "దా నెక్కిన బారని గుర్రము" అని కదా, మరి గడుల్లో "ఎక్కిన" రాయాలా "నెక్కిన" రాయాలా? సంధి విడగొట్టి అడిగారో కలిపి అడిగారో ఆధారంలో ఉండదు, మొదటి గడి నుంచి కిందికి వెళ్లే నిలువు మాట మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది. పారని, బారని కూడా అంతే.

ఒంగోలు రమణక్క:
నాక్కూడా అదే బాధ. కావ్యం పేరు ఇచ్చినా ఒక్కోసారి చిక్కే, అరణ్యపర్వం పద్యం ఇచ్చి కవి ఎవరు అంటారు, నన్నయ ఆ పర్వం మధ్యలో ఆపేశాడు, మిగతాది మన ఎర్రన పూర్తిచేశాడు, అది కూడా నన్నయ రాసినట్టే రాజరాజనరేంద్రుడికే అంకితంగా. మరి ఆయన ఆపిన నాలుగో ఆశ్వాసంలో (అధ్యాయంలో) పద్యం అయితే ఎవరిదో చెప్పడానికి పుస్తకం తియ్యాల్సిందే. "శారదరాత్రులు" నన్నయ చివరి పద్యం అంటారు కాబట్టి అదొక్కటి గుర్తుపెట్టుకున్నా ఉపయోగం. అమ్మగారికి చెప్పు, గళ్లు నింపేశాక ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో పద్యం మొత్తం చదువుకుంటే అది కాపీ కొట్టడం కాదు, వచ్చేసారికి పనికొచ్చే చదువు.

సూళ్లూరుపేట శ్రీను:
అక్కా, ఇంగ్లీషులో డబుల్ క్రాస్టిక్ అని ఒకటుంది, 1934లో ఎలిజబెత్ కింగ్స్‌లీ అనే ఆవిడ మొదలుపెట్టింది. అందులో కొటేషన్ ముందే తెలియక్కర్లేదు, మామూలు ఆధారాలకి జవాబులు రాసుకుంటూ పోతే ఆ అక్షరాలే వెళ్లి కొటేషన్ అవుతాయి, జవాబుల మొదటి అక్షరాలు వరసగా చదివితే రచయిత పేరు, పుస్తకం పేరు వస్తాయి. అంటే ఎంత తెలియని వాక్యమైనా పర్లేదు, పజిలే నీకు నేర్పిస్తుంది. మనవాళ్లు కూడా పద్యాలతో ఇట్టా కూర్చితే ఎంత బాగుంటుందో, నేనైతే ప్రతివారం చేస్తా.

పెన్నఒడ్డు:
శ్రీను గారూ బాగుంది, మా పేపర్ వాళ్లకి ఇది ఉత్తరం రాస్తా, కవి పేరు, ఛందస్సు పేరు ఆధారం పక్కన వెయ్యమని, సంధి విడగొట్టారో లేదో చెప్పమని కూడా. మాస్టారూ ఒక్క డౌటు, వేమన పద్యాల్లో మీరు చెప్పిన ప్రాస నాకు కనపడట్లేదే?

కావలి తెలుగు మాస్టారు:
కనపడదమ్మా, అవి ఎక్కువగా ఆటవెలది అనే రకం పద్యాలు. ఆటవెలదికి, తేటగీతికి ప్రాస నియమం లేదు. అక్కడ ప్రతి పాదంలో యతి చూసుకో, మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం. యతి బదులు ప్రాసయతి, అంటే ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలిసేట్టు వేసినా చెల్లుతుంది, "చూడ చూడ రుచుల జాడ వేరు"లో చూడకి జాడ అట్టా వచ్చిందే. కాబట్టి "చూడ చూడ రుచుల ——— వేరు" అని రెండు గళ్లు ఇస్తే, రెండో గడిలో "డ" పెట్టి చూడు.