ఉక్కపోతలో 14 కిలోమీటర్ల తర్వాత గుండె వేగం ఎగబాకుతోంది, ఏం చెయ్యాలి?

డిసెంబరులో హాఫ్ మారథాన్ (21.1 కిలోమీటర్ల పరుగు), లక్ష్యం గంటా 50 నిమిషాలు. అమలాపురం పక్కన కాలవ గట్టు మీద ఆదివారం తెల్లారగట్ల 4:45కి మొదలుపెట్టి 18 కిలోమీటర్లు పరిగెడుతున్నాను. కిలోమీటరు 5:30 (5 నిమిషాల 30 సెకన్లు) చొప్పున 13 దాకా గుండె వేగం నిమిషానికి 152. 14 దాటాక అదే పరుగుకి 171. కాళ్లలో నొప్పి లేదు. సాక్సులు పిండితే మాత్రం నీళ్లు కారుతున్నాయి.

ముందూ వెనకా తూకం చూస్తే 2.1 కిలోలు తగ్గాను. తాగింది 400 మిల్లీలీటర్లే. కొబ్బరినీళ్లతో పని జరగలేదు, వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. లీటరు నీళ్లకి ఓఆర్ఎస్ పొట్లం కలిపి అందులో 800 మిల్లీలీటర్లు తాగితే కడుపు కుదిపేసింది. తేలిక పరుగుల వేగాన్ని ఆరు వారాలుగా కిలోమీటరు 6:45కి తగ్గించినా మార్పు లేదు.

అందరూ ‘ఇంకా కిలోమీటర్లు పెంచు’ అంటున్నారు. నేను ఒప్పుకోను. గాలిలో ఇంత తేమ ఉంటే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. రక్తం చర్మం వైపు మళ్లుతుంది, గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాల్సి వస్తుంది. అప్పుడు దూరం పెంచితే మిగిలేది అలసటే.

ఇలాంటి తేమలో తయారైనవాళ్లు చెప్పండి: ఆదివారం పరుగులో గుండె వేగాన్ని 155 దగ్గర ఆపి కిలోమీటరు టైము ఎంత పెరిగినా పెరగనివ్వాలా, లేక 5:30 నిలబెట్టుకుని 13 దగ్గరే ఆపెయ్యాలా?