ఓపెన్ ఆఫీసు, చెవి మిషన్లు, ఏడీహెచ్‌డీ: మేనేజర్ని ఏమేం అడగాలి? (బెంగళూరు)

కోరమంగళ_టెస్టర్:
రెండు చెవులకీ వినికిడి మిషన్లు, పైగా ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలవని సమస్య). మేనేజరు గారు మంచి మనిషి, "ఏం కావాలో రాసివ్వు, చేయిద్దాం" అన్నారు. సీటు, మీటింగులు, రిమైండర్లు, సర్టిఫికెట్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి.

ఓఆర్ఆర్_బ్యాకెండ్:
ముందు సీటు తేల్చుకో తమ్ముడూ. వీపు గోడకి, బాగా వినపడే చెవి హాలు వైపు ఉండాలి. ఏసీ వెంటు కింద, ప్యాంట్రీ పక్కన అస్సలొద్దు, ఆ హోరుని మిషన్ కూడా పెంచేస్తుంది. అద్దాల మీటింగ్ రూముల్లో మాట గోడలకి కొట్టుకుని ముద్దయిపోతుంది. కార్పెట్ ఉన్న చిన్న రూము అడుగు. మాట్లాడేవాళ్ళు కిటికీకి వీపు పెడితే మొహం చీకటిగా ఉండి పెదాలు కనపడవు. కుర్చీలు మార్పించడానికి మొహమాటపడకు.

క్యాప్షన్_కావాలి:
సీటు సంగతి తర్వాత. మీటింగ్ మొదలవగానే క్యాప్షన్లూ (మాటలు స్క్రీన్ మీద అక్షరాలుగా పడేవి) ట్రాన్‌స్క్రిప్టూ ఆన్ చెయ్యాలని టీములో రూలు పెట్టించండి. ఇక్కడి టీముల్లో సగం తెలుగు, సగం ఇంగ్లీషు, మధ్యలో కన్నడ. క్యాప్షన్లు ఒక భాషకే సెట్ చేసి ఉంటే "రేపటికి పుష్ చేసేద్దాం" అన్నది ఏదో చెత్తగా పడుతుంది. నిర్ణయం చెప్పే ఒక్క వాక్యమైనా పూర్తిగా ఒకే భాషలో చెప్పమనండి.

ధ్యాస_జయనగర్:
క్యాప్షన్లు అందరికీ పనిచేస్తాయన్నట్టు రాయకండి. ఏడీహెచ్‌డీ ఉంటే కళ్ళు ఆ కదిలే అక్షరాలకే అతుక్కుపోతాయి, స్క్రీన్ మీద చూపిస్తున్న కోడ్ పోతుంది. ఆలస్యంగా పడ్డ ముక్క చదివేలోపు తర్వాతి మాట దాటిపోతుంది.

క్యాప్షన్_కావాలి:
అయితే వినపడనివాళ్ళు ఊహించుకుంటూ కూర్చోవాలా? ఫిఫ్టీన్‌కీ ఫిఫ్టీకీ తేడా పెదాలు చూసి చెప్పగలరా మీరు?

ధ్యాస_జయనగర్:
తీసెయ్యమని నేనెక్కడన్నాను? చదివి మాట్లాడండి. రూములో కూర్చుని చేసే మీటింగైతే ఆండ్రాయిడ్ ఫోన్‌లో మాటల్ని అక్షరాలుగా చూపించే లైవ్ ట్రాన్‌స్క్రైబ్ యాప్ తెరిచి పక్కగా నిలబెట్టుకోవాలి. పేర్లు, అంకెలు, తేదీలు సరిచూసుకోడానికి మాత్రమే అటు చూడాలి. వరసగా చదవడం మొదలుపెడితే ధ్యాస అక్కడే ఆగిపోతుంది.

ఆడియాలజీ_అక్క:
మిషన్లు ఫిట్ చెయ్యడమే నా వృత్తి, కాబట్టి ఈ ఒక్క విషయంలో నా మాట వినండి. మీరిద్దరూ దూరాన్ని వదిలేశారు. దూరం రెట్టింపైన ప్రతిసారీ మాట సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. బల్ల అవతల 2.4 మీటర్ల దూరంలో ఉన్న మనిషి కాలరుకి, నోటికి 15 సెంటీమీటర్ల దిగువన రిమోట్ మైక్ (మాటని నేరుగా మిషన్‌లోకి పంపే చిన్న మైకు) తగిలిస్తే లెక్క ప్రకారం 24 డెసిబెల్స్ కలిసొస్తాయి. మిషన్‌లో ఉన్న మైకు అంత లాభం ఇవ్వలేదు. మాట తేటగా అందితే రోజంతా చెవులొగ్గి వినే అలసట తగ్గి, ధ్యాస కూడా నిలుస్తుంది. లిస్టులో మొదట రాయాల్సింది ఇదే.

ఇంకోటి. ల్యాప్‌టాప్ కాల్‌లో మిషన్ బ్లూటూత్ మైకు తెరుచుకోగానే విండోస్ హ్యాండ్స్‌ఫ్రీ మోడ్‌లోకి మారి, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు అయిపోవచ్చు. మైక్ దగ్గర ల్యాప్‌టాప్‌ది, స్పీకర్ దగ్గర మిషన్‌ది ఎంచుకోండి.

ఓఆర్ఆర్_బ్యాకెండ్:
అక్కా, కొన్ని మిషన్లు ఫోన్‌కే కలుస్తాయి కదా? ల్యాప్‌టాప్ శబ్దాన్ని మిషన్‌కి పంపే స్ట్రీమర్ అదే కంపెనీది కొనాలి. ఆ ఖర్చు కూడా లిస్టులో రాయాలి.

వైట్‌ఫీల్డ్_హెచ్‌ఆర్:
సర్టిఫికెట్ గురించి. 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో 21 వైకల్యాలున్నాయి, ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టం ఉంటే పాక్షిక వినికిడి లోపం, 70 అయితే బధిరత్వం. 40 శాతం వైకల్య సర్టిఫికెట్ ఉంటే పాత పన్ను విధానంలో ఆదాయంలోంచి 75,000 రూపాయల మినహాయింపు. 20 మంది, ఆపైన ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు సమాన అవకాశాల పాలసీలో లైజన్ ఆఫీసర్ని (ఈ వ్యవహారాలు చూసే అధికారిని) కూడా చూపించాలి. మీ లిస్టు ఆయనకీ పంపండి.

సిల్క్‌బోర్డ్_సుబ్బు:
50 డెసిబెల్స్ నష్టం ఉన్నవాళ్ళు నోరు మూసుకోవాలా మరి? ఎప్పుడూ వికలాంగుల కార్డు, కార్డు!

వైట్‌ఫీల్డ్_హెచ్‌ఆర్:
అలా ఎవరన్నారండీ? సీటు మార్చడానికి, మీటింగు నిర్ణయాలు (మినిట్స్) రాసివ్వడానికి కార్డు అక్కర్లేదు, మేనేజరు ఒప్పుకుంటే చాలు. పన్నుకీ పథకాలకీ కార్డు కావాలి.

బ్రౌన్312:
మిషన్‌లోకి కాల్స్ స్ట్రీమింగ్ పెరిగితే బ్యాటరీ తొందరగా అయిపోతుంది, డెస్కులో ఒక బ్యాటరీల స్ట్రిప్ పెట్టుకోండి. కొత్త బ్యాటరీ మీది స్టిక్కర్ పీకాక 3 నుంచి 5 నిమిషాలు గాలి తగలనిచ్చి అప్పుడు మూత వెయ్యండి. వెంటనే మూసేస్తే పూర్తి పవర్ రాదు. ఫ్రిజ్‌లో మాత్రం దాచొద్దు, తేమ పడుతుంది.

కోరమంగళ_టెస్టర్:
అందరికీ థ్యాంక్స్. రిమైండర్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

ధ్యాస_జయనగర్:
శబ్దం వచ్చేవి నమ్ముకోవద్దు. తల నొప్పెట్టి మిషన్లు తీసిన గంటలోనే మోగుతాయి. వైబ్రేట్ అయ్యే వాచీకి క్యాలెండర్ కలిపి మీటింగుకి 10 నిమిషాల ముందొకటి, 2 నిమిషాల ముందొకటి పెట్టండి. మొదటిదానికి చేతిలో పని ఆపాలి, రెండోదానికి లేవాలి. నోటిమాటగా పని అప్పగించినవాళ్ళని అక్కడికక్కడే చాట్‌లో గడువుతో సహా రాయమనండి. వరస మీటింగుల మధ్య 10 నిమిషాల ఖాళీ కూడా లిస్టులో చేర్చండి. ఆ కాసేపూ మిషన్లు తీసేసి కూర్చోవచ్చు.