ఊళ్లో బడిలో 17 మంది, టౌన్‌లో ప్రైవేటు స్కూలు 11 కిలోమీటర్లు. పాపని ఎక్కడ వేయాలి?

పాప నాన్న:
మాది ప్రకాశం జిల్లాలో చిన్న ఊరు. పాప జూన్‌లో ఒకటో తరగతికి వస్తుంది. మండల పరిషత్ బడి ఇంటి పక్క వీధిలోనే ఉంది, కానీ అయిదు తరగతులకీ కలిపి 17 మంది పిల్లలు, ఒక్కరే మేడమ్. ఆవిడ మంచిదే, కాకపోతే ఆవిడకి మీటింగ్ పడితే ఆ రోజు పాఠం లేనట్టే. ప్రైవేటు ఇంగ్లీష్ మీడియం మునిసిపాలిటీలో ఉంది, ఫీజు 24 వేలు, వ్యాన్‌కి 9 వేలు, పుస్తకాలు వేరే. వ్యాన్ ఏడుంబావుకే వస్తుంది, అప్పటికి మా పిల్ల ఇంకా దుప్పట్లోనే ఉంటుంది. మా ఆవిడ ప్రైవేటే అంటోంది. మా నాన్నేమో మనమే మానిపిస్తే రేపు బడి ఎత్తేస్తారంటాడు. పిల్లల చదువుకని తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బుతో ఫీజు కట్టొచ్చని కొందరు. ఏం చేయమంటారు?

కనిగిరి అక్క:
తమ్ముడూ, తల్లికి వందనం లెక్కలో వేసుకోకు. గవర్నమెంట్ బడికి పంపినా ప్రైవేటుకి పంపినా వస్తుంది, 15 వేలల్లో 2 వేలు స్కూలు నిర్వహణకి పోను చేతికొచ్చేది 13 వేలే.
మా వాడిని రెండేళ్లు ప్రైవేటులో వేశాను. రైమ్స్ గడగడా చెప్పేవాడు, బస్సు మీద "కనిగిరి" అని రాసుంటే చదవలేకపోయాడు, సొంత ఊరి పేరు! డైరీలో రోజూ "రెండో పాఠం ప్రశ్నలు నేర్చుకురావాలి" అని రాసి పంపేవాళ్లు, నేర్పేది నేనే. ఫీజు కట్టి నేనే టీచర్నన్నమాట. ఇప్పుడు పక్క పంచాయతీ ఆదర్శ ప్రాథమిక పాఠశాలకి పంపుతున్నా, అక్కడ తరగతికో టీచర్ ఉన్నారు. బడిలో పెట్టే గుడ్డు, చిక్కీ, రాగిజావ సరే, వాడు పేపర్లో హెడ్డింగులు చదువుతున్నాడు, నాకదే కావలసింది.

ఎస్జీటీ మాస్టారు:
నేను గవర్నమెంట్ టీచర్నే. మీ పిల్లలెక్కడ అని అడగకండి, ప్రైవేటే, సిగ్గుగానే ఒప్పుకుంటున్నా. ఒకే టీచర్ ఉన్న బడిలో ఒకటో తరగతి వాళ్లని కూర్చోబెట్టి చదివించడానికి రోజుకి గంట దొరికితే ఎక్కువ, అది మేడమ్ తప్పు కాదు. రెండు చోట్లా ఓ పూట వెనకాల కూర్చుని చూడండి. ఏ ప్రైవేటు స్కూలైనా ఒకటో తరగతికి ఎవరు చెప్తారో, వాళ్లు అక్కడ ఎన్నేళ్లుగా ఉన్నారో అడగండి. గుర్తింపు లేకపోతే అసలు వద్దు.
ఇంకోటి ఎవరూ చెప్పరు. ఆరో తరగతిలో నవోదయకి (కేంద్ర ప్రభుత్వ రెసిడెన్షియల్ స్కూలు) ప్రవేశ పరీక్ష రాయించే ఆలోచనుంటే, కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలవి, మూడు నాలుగు అయిదు తరగతులు పల్లె బడిలోనే చదివుండాలి. మునిసిపాలిటీ స్కూల్లో చదివితే ఆ కోటా పోయినట్టే.

కొత్త సభ్యుడు:
విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటులో 25 శాతం ఫ్రీ సీట్లు ఉంటాయి కదా, ట్రై చేయలేదా?

కనిగిరి అక్క:
అవి పేద, బలహీన వర్గాల కుటుంబాలకి, అదీ ముందు దగ్గర్లో ఉన్నవాళ్లకి. 11 కిలోమీటర్లంటే ఆశ పెట్టుకోకండి.

పాప నాన్న:
థాంక్స్ అక్కా, మాస్టారూ. నవోదయ సంగతి నాకు అసలు తెలీదు. కనుక్కుంటే రెండున్నర కిలోమీటర్ల దూరంలో పక్క ఊళ్లో కూడా తరగతికో టీచర్ ఉన్న బడి ఉందట, మా వీధి నుంచి ఇద్దరు ఆటోలో వెళ్తున్నారు. సోమవారం పోయి చూసొస్తా. మా ఆవిడనీ తీసుకెళ్తా, లేకపోతే నేను చెప్తే నమ్మదు.