మెర్జ్ చేశాక ఒకరి మార్పు మాయమైంది, గిట్ లాగ్‌లో కూడా లేదు

బ్రాడీపేట_డెవ్:
అందరికీ నమస్కారమండి. గుంటూరులో ఐదుగురం కలిసి మిర్చి కమీషన్ కొట్లకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ వాడుతున్నాం. ఎవరి పని వాళ్ల బ్రాంచ్‌లో (కోడ్‌కి విడి శాఖలో), రెండు మూడు వారాలు నడుస్తుంది. నెలాఖరుకి అన్నీ మెయిన్ అనే అసలు బ్రాంచ్‌లోకి మెర్జ్ చేస్తాం, అంటే కలుపుతాం. ఆ రోజు భోజనానికి లేవడం కూడా కుదరదు.

ఈసారి ఒక కొట్టు గుమస్తా గారు ఫోన్ చేసి, తేజ రకం మిర్చి లాట్లకి తేమ తరుగు పడటం లేదన్నారు. ఆ మార్పు మా టీమ్‌లో ఒకమ్మాయి రాసింది, టెస్ట్ కూడా అయింది. ఇప్పుడు ఫైల్లో ఆ లైనే లేదు. ఆ ఫైల్ మీద గిట్ లాగ్ (మార్పుల జాబితా) కొడితే ఆవిడ కమిట్ (గిట్‌లో సేవ్ చేసిన మార్పు) కూడా రావట్లేదు. "అసలు పుష్ చేసి ఉండదు, సర్వర్‌కి పంపి ఉండదు" అని ఆఫీసులో అనేస్తున్నారు, తను చాలా బాధపడుతోంది. ఇలా ఎందుకు జరుగుతుంది? ఇకమీదట ఎలా చేసుకోవాలి?

ఆటోనగర్_77:
గిట్‌ఫ్లో అనే బ్రాంచ్‌ల పద్ధతి పెట్టుకోండి. డెవలప్, రిలీజ్, హాట్‌ఫిక్స్ విడివిడిగా ఉంటే ఈ గోల ఉండదు.

పటమట_కోడ్:
ముందు ఆ అమ్మాయి మీద పడిన మాట పోవాలి. ఆవిడ కమిట్ అక్కడే ఉండి ఉంటుంది. గిట్ లాగ్‌కి ఒక ఫైల్ పేరు ఇస్తే అది చరిత్రని కుదించి చూపిస్తుంది. మెర్జ్ అయ్యాక ఆ ఫైల్ ఒక పక్క వెర్షన్‌తో అచ్చంగా సరిపోతే, రెండో పక్క కమిట్లు చూపించకుండా వదిలేస్తుంది. అంటే ఎవరో కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట ఇద్దరి మార్పులు ఢీకొనడం) రాగానే ఒక పక్క ఫైల్ మొత్తం ఉంచేసి, ఇంకోటి పడేశారన్నమాట. అదే కమాండ్‌కి --ఫుల్-హిస్టరీ జోడించి కొట్టండి, కనపడుతుంది. తర్వాత ఆ మెర్జ్ కమిట్ మీద గిట్ షో --రీమెర్జ్-డిఫ్ కొడితే, గిట్ తనంతట తాను చేసిన మెర్జ్‌కీ మనిషి చేతితో మార్చినదానికీ తేడా చూపిస్తుంది. ఇది గిట్ 2.36 వెర్షన్ నుంచి ఉంది, పాతది వాడుతుంటే అప్‌డేట్ చేసుకోండి.

ఇక మీదట సంగతి. అందరి మెషీన్లలో కాన్‌ఫ్లిక్ట్ స్టైల్ జడ్‌డిఫ్3 అని పెట్టించండి. అది 2.35లో వచ్చింది. అప్పుడు మీ కాన్‌ఫ్లిక్ట్ దాదాపు ఇలా కనపడేది:

<<<<<<< హెడ్
నికరం = రౌండ్(కాటా - సంచి)
|||||||
నికరం = కాటా - సంచి
=======
నికరం = కాటా - సంచి - తేమ
>>>>>>> తేమ-తరుగు

మధ్యలో ఉన్నది ఇద్దరూ విడిపోక ముందున్న లైను. మామూలు సెట్టింగ్‌లో అది కనపడదు, పైదో కిందదో ఒకటి ఎంచుకోవాలనిపిస్తుంది. మధ్యది చూస్తే ఒకరు రౌండ్ చేశారు, ఇంకొకరు తేమ తీశారు అని తెలుస్తుంది. కావాల్సింది రౌండ్(కాటా - సంచి - తేమ). ఎడిటర్‌లో ఒక పక్కని మొత్తం ఒప్పేసుకునే బటన్ ఉందే, లెక్కలు కట్టే ఫైళ్ల మీద దాన్ని ఎవరూ నొక్కకూడదని టీమ్‌లో గట్టిగా చెప్పండి. ఆ రెండు లైన్లు రాసిన ఇద్దర్నీ ఒకే స్క్రీన్ ముందు కూర్చోబెట్టండి. రైతుకి ఇచ్చే పట్టీలో అంకె అది, గుమస్తా గారు చూశారు కాబట్టి తెలిసింది.

కాన్‌ఫ్లిక్ట్ రాలేదు కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. యార్డులో ధర క్వింటా లెక్క కాబట్టి ఒకరు బరువు ఫంక్షన్‌ని క్వింటాళ్లలోకి మార్చారనుకోండి. అదే వారం ఇంకొకరు వేరే ఫైల్లో కొత్త స్టాక్ రిపోర్ట్ రాస్తూ, కిలోలే వస్తాయనుకుని ఆ ఫంక్షన్‌ని పిలిచారు. గిట్ ఒక్క మాట అనకుండా కలిపేస్తుంది, రిపోర్ట్ తప్పు. అందుకే టెస్టులు బ్రాంచ్ మీదే కాదు, మెర్జ్ అయిన కోడ్ మీద కూడా నడవాలి.

గిట్‌ఫ్లో గురించి: ఆ పద్ధతిని 2010లో రాసిన విన్సెంట్ డ్రీసెనే 2020లో పైన ఒక గమనిక చేర్చారు, ఎప్పటికప్పుడు రిలీజ్ చేసే వెబ్ యాప్‌లకి ఇంతకంటే తేలికైన పద్ధతి చూసుకోమని. ఐదుగురికి అన్ని బ్రాంచ్‌లు నాకు భారమే అనిపిస్తాయి. అసలు చిక్కు మూడు వారాలు విడిగా ఉండటంలో ఉంది. రోజూ పొద్దున్నే మెయిన్‌ని మీ బ్రాంచ్‌లోకి మెర్జ్ చేసుకోండి. పని ముక్కలు చేసి, రెండు మూడు రోజులకి ఒకటి మెయిన్‌లోకి పంపండి. సగంలో ఉన్న ఫీచర్‌ని ఒక సెట్టింగ్ వెనక ఆపి ఉంచితే సరి.

బ్రాడీపేట_డెవ్:
పటమట గారూ, చాలా థాంక్సండి. --ఫుల్-హిస్టరీలో తన కమిట్ దొరికింది. తేదీతో సహా అందరికీ చూపించాను, ఆ మాట అన్నాయన తనకి సారీ చెప్పారు. కానీ తన బ్రాంచ్‌ని మళ్లీ మెర్జ్ చేయబోతే "ఆల్రెడీ అప్ టు డేట్" అంటోంది.

పటమట_కోడ్:
సంతోషం. అలాగే అంటుంది. ఆ కమిట్లు మెయిన్ చరిత్రలో చేరిపోయాయి కాబట్టి, లైను ఉన్నా లేకపోయినా గిట్ లెక్కలో ఆ మెర్జ్ అయిపోయినట్టే. ఆ ఒక్క కమిట్‌ని మెయిన్ మీదకి చెర్రీ-పిక్ చేయండి, అంటే దాన్ని విడిగా తీసి మళ్లీ పెట్టండి. పైన రాసిన కాన్‌ఫ్లిక్టే మళ్లీ వస్తుంది, ఈసారి ఇద్దరూ కలిసి సరిచేయండి. ఎప్పుడైనా ఒక మెర్జ్‌ని రివర్ట్ చేసినా (వెనక్కి తీసినా) ఇదే చిక్కు: అదే బ్రాంచ్‌ని మళ్లీ మెర్జ్ చేస్తే పాత మార్పులు తిరిగి రావు, ముందు ఆ రివర్ట్‌ని రివర్ట్ చేయాలి. తేమ తరుగు మీద టెస్ట్ రాసి, అదే పుష్‌లో పంపండి.