1894 వించెస్టర్ .38-55లో .375 వించెస్టర్ తూటా పడుతోంది, పేల్చొచ్చా?

ప్రశ్న:
నమస్కారం. 1894 మోడల్ వించెస్టర్ లీవర్ రైఫిల్, ఎనిమిది పలకల బ్యారెల్, మీద .38-55 అని ఉంది. నికెల్ స్టీల్ (నికెల్ కలిపిన గట్టి ఉక్కు) ముద్ర ఎక్కడా లేదు. .38-55 తూటాలు దొరకడం కష్టంగా ఉంది, .375 వించెస్టర్ మాత్రం దొరికింది. పెట్టి చూస్తే సాఫీగా దిగి లీవర్ మూసుకుంది. ఇదే మోడల్ .30-30ని తట్టుకుంటుంది కదా! .30-30 ప్రెషర్ 42,000, .375ది 52,000 అంటున్నారు. టెక్సస్‌లో జింకల సీజన్‌కి వాడొచ్చా?

జవాబు 1:
వద్దండి, ఒక్కటి కూడా పేల్చకండి. దిగినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. .375 కేస్ (బుల్లెట్‌నీ మందునీ పట్టి ఉంచే లోహపు గొట్టం) పొడవు 2.020 అంగుళాలు, .38-55ది పాత కొలత ప్రకారం 2.125. పొట్టి కేస్‌ని పొడుగు ఛాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) ఎందుకు ఆపుతుంది?

మీరు చెప్పిన అంకెల్లో ఒక మెలిక ఉంది. 42,000 పీఎస్ఐలో (చదరపు అంగుళానికి పౌండ్లు) ఉంది, 52,000 సీయూపీలో (రాగి ముక్క ఎంత నలిగిందో చూసి కట్టే పాత కొలత). అవి వేరు వేరు కొలతలు, పక్కపక్కన పెట్టకూడదు. అన్నీ సీయూపీలోనే చూస్తే .38-55 30,000, .30-30 38,000, .375 52,000. మూడింటి కేస్ అడుగు వెడల్పు దాదాపు ఒకటే. కాబట్టి బోల్టు (తూటాని వెనక నుంచి మూసి ఆపే భాగం) మీద పడే తోపు కూడా అదే లెక్కన పెరుగుతుంది, అంటే మీ తుపాకీకి ఉన్న హద్దు కన్నా 70 శాతం పైనే. .375 కోసమే 1978లో రిసీవర్ (బోల్టు కదిలే పెట్టె లాంటి భాగం) వెనక గోడలు మందం చేసి బిగ్ బోర్ 94 తెచ్చారు.

ఇక .30-30 మాట. 1895లో అది వచ్చినప్పుడు దానికి నికెల్ స్టీల్ బ్యారెల్ వేశారు. .38-55 బ్లాక్ పౌడర్ కాలపు తూటా, దానికి మామూలు స్టీలే. యాక్షన్ ఒకటే అయినా బ్యారెల్ ఒకటి కాదు. 255 గ్రెయిన్ల బుల్లెట్, సెకనుకు 1,320 అడుగుల వేగం, ఈ మామూలు లోడు దగ్గరే ఉండండి.

జవాబు 2:
తూటా కొనేముందు బోరు (బ్యారెల్ లోపలి రంధ్రం) కొలవండి. పాత .38-55ల్లో గ్రూవ్ (బోరు లోపలి గాడి) వ్యాసం .375 నుంచి .380 అంగుళం దాకా, ఒక్కోసారి ఇంకా పైన కూడా ఉంటుంది. తుపాకీ ఖాళీగా ఉందని చూసుకుని లీవర్ తెరిచి పెట్టండి. బోరుకి నూనె రాసి, దానికన్నా కాస్త పెద్దదైన మెత్తని సీసపు గుండుని మూతి వైపు నుంచి కొయ్య సుత్తితో దించి, ఇత్తడి కడ్డీతో వెనక్కి నెట్టండి. మైక్రోమీటర్‌తో కొలవాలి. క్యాలిపర్‌తో వెయ్యో వంతు తేడా నమ్మకంగా తెలియదు.

.380 వచ్చిందనుకోండి, .375 బుల్లెట్ గ్రూవుల్ని నింపదు. పక్కల నుంచి గ్యాస్ జారిపోతుంది, గురి చెదురుతుంది. పోతపోసిన సీసం బుల్లెట్ గ్రూవ్ కన్నా .001 ఎక్కువ ఉండాలి. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు: .381 బుల్లెట్ మందపాటి కేస్‌లో కూర్చుంటే మెడ ఉబ్బి ఛాంబర్‌లో దిగదు. గోడ పల్చగా ఉన్న కేస్ వెతకండి, లీవర్‌ని మాత్రం బలవంతంగా మూయకండి. కేస్‌లు 2.085, 2.125 రెండు పొడవుల్లో వస్తాయి. పొట్టి ఛాంబర్‌లో పొడుగుది వేస్తే కేస్ మూతి నొక్కుకుపోయి బుల్లెట్‌ని పట్టేస్తుంది, ప్రెషర్ ఎగబాకుతుంది.

ట్యూబు మ్యాగజైన్ కాబట్టి బుల్లెట్ ముక్కు చదునుగా ఉండాలి. మొనదేలినది ముందున్న తూటా ప్రైమర్‌ని (మందుని అంటించే, కేస్ అడుగున ఉండే చిన్న బిళ్ల) గుచ్చుతుంది.

ప్రశ్న అడిగినవారు:
కొలిస్తే .3795 వచ్చింది. .375 డబ్బా తిరిగి ఇచ్చేస్తున్నాను. ఇంకొక్కటి అండీ, తుపాకీతో వచ్చిన మామూలు .38-55 ఖాళీ కేస్‌ల్లో ప్రైమర్ కొద్దిగా బయటికి పొడుచుకొచ్చి ఉంది. లోడు ఎక్కువైనట్టా?

జవాబు 3:
ఎక్కువైతే అలా ఉండదు. పేలగానే ప్రైమర్ వెనక్కి వచ్చి బోల్టుకి ఆనుతుంది. ప్రెషర్ గట్టిగా ఉంటే కేస్ కూడా వెనక్కి సాగి దాన్ని మళ్లీ లోపలికి కూర్చోబెడుతుంది. మెత్తని లోడులో కేస్ గోడ ఛాంబర్‌ని పట్టుకుని కదలదు, ప్రైమర్ బయటే మిగులుతుంది. అంటే మీకు కనిపిస్తున్నది హెడ్‌స్పేస్‌లో, అంటే కేస్ అడుగుకీ బోల్టుకీ మధ్య, ఉన్న సందు. రిమ్ (కేస్ అడుగు అంచు) మందం, ప్రైమర్ పొడుచుకొచ్చినంత కలిపి .070 అంగుళం దాటితే గన్‌స్మిత్ గేజ్‌తో చూడాలి.

ఆ కేస్‌ల్లో రిమ్‌కి కాస్త పైన మెరిసే గీత ఉందేమో చూడండి. వంచిన సన్న తీగ లోపల పెట్టి గీకితే అక్కడ పల్లం చేతికి తగులుతుంది. తగిలిన కేస్‌ని మళ్లీ నింపకండి, అక్కడే రెండుగా తెగుతుంది.