నిపుణులను తాత్కాలిక డ్యూటీలకు పంపడం సరైనదేనా?

పాతకాపు:
సోనార్ (నీటిలో శబ్దంతో జలాంతర్గాముల జాడ పట్టే పరికరం) మీద ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చి తయారు చేసుకున్న మనిషిని తీసుకెళ్లి ఏడాది పాటు ఏదో క్యాంపులో కాపలా పెట్టడం నాకు అస్సలు మింగుడుపడదు. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో అమెరికా నేవీ చేసింది ఇదే. వేలమంది నావికులను ఒక్కొక్కరిగా ఓడల నుంచి తీసి నేల మీద పనులకు పంపింది. ఇరాక్‌లోని క్యాంప్ బుకా జైల్లో ఖైదీలకు నావికులు కాపలా కాశారు. అలా వెళ్లినవాడికి తన టీమ్ పక్కన ఉండదు, ఓడలో మిగిలినవాళ్ల నెత్తిన అతని వాచ్‌లు, అంటే వంతు డ్యూటీలు, కూడా పడతాయి, తిరిగొచ్చేసరికి చేతి పనికి తుప్పు పట్టి ఉంటుంది.

రేడియోతరంగం:
పాతకాపు గారూ, మీరు ఒక వైపే చూస్తున్నారు. ఇరాక్‌లో రోడ్డు పక్క బాంబులను రేడియో సిగ్నల్‌తో పేల్చేవారు. వాటిని అడ్డుకునే జామర్లు ఆర్మీ బండ్లకు వచ్చాయి గానీ, వాటి సంగతి లోతుగా తెలిసినవాళ్లు ఆర్మీలో దాదాపు లేరు. 2006లో నేవీ తన ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ (శత్రువు రేడియో, రాడార్ సిగ్నళ్లను పసిగట్టి అడ్డుకునే పని) నిపుణులను పంపితే వాళ్లు ఆర్మీ యూనిట్లతోనే ఉండి నేర్పించారు. 2009లో ఆర్మీ ఆ పనికి సొంతంగా ఒక విభాగమే పెట్టుకుంది. నేవీ వాళ్లను ఓడల్లోనే ఉంచేసి ఉంటే ఆ సైనికుల గతేంటి?

పాతకాపు:
అది ఒప్పుకుంటాను. వాళ్లు వెళ్లింది తమకు వచ్చిన పనికే కదా. నా గొడవంతా ఆ విద్యతో సంబంధం లేని చోటికి పంపడం గురించే.

అలలహోరు:
వచ్చిన పనికే పంపినా ప్రమాదం తప్పదండీ. 2017 ఆగస్టు 21న సింగపూర్ దగ్గర జాన్ ఎస్ మెకెయిన్ అనే అమెరికా యుద్ధనౌక ట్యాంకర్‌ను ఢీకొంది, 10 మంది నావికులు చనిపోయారు. ఆ ఉదయం బ్రిడ్జి (ఓడను నడిపే గది) మీద డ్యూటీలో ఉన్నవాళ్లలో కొందరు యాంటీటమ్ అనే మరో ఓడ నుంచి తాత్కాలికంగా వచ్చినవాళ్లు. ఆ ఓడ స్టీరింగ్ వేరు, ఈ ఓడ టచ్‌స్క్రీన్ వేరు. ఈ స్క్రీన్ మీద వాళ్లకు సరైన శిక్షణే ఇవ్వలేదు. స్టీరింగ్ కంట్రోల్ పక్కనున్న ఇంకో కన్సోల్‌కు (కంట్రోల్ బల్లకు) మారిపోతే, స్టీరింగ్ పోయిందనే అనుకున్నారు. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

రేడియోతరంగం:
అందులో తప్పు తాత్కాలిక డ్యూటీది కాదు, నేర్పకుండా నిలబెట్టినవాళ్లది. వచ్చినవాడికి పరీక్ష పెట్టి, పాసయ్యాకే వాచ్ ఇస్తే ఆ గొడవే ఉండేది కాదు.

అలలహోరు:
మీరన్నది కాగితం మీద బాగుంటుంది. అసలు ఒక మనిషిని అరువు తెచ్చుకునేదే జనం చాలనప్పుడు. రేపు ఉదయం వాచ్‌కు మనిషి కావాలి, అప్పటికప్పుడు ఆ పరీక్ష ఎవరు పెడతారు, వాడు నేర్చుకునేదాకా ఆ వాచ్‌లో ఎవరు నిలబడతారు? పాత ఓడలో అతనికి మంచి పేరుంటుంది, అందుకని ఇక్కడ ఎవరూ అడగరు. కొత్తవాడైతే పక్కన ఒకరు నిలబడి గమనిస్తారు, అనుభవం ఉన్నవాడిని మాత్రం వచ్చిన రోజే ఒంటరిగా వదిలేస్తారు. తెలియదని చెప్పుకోవడానికి అతనికీ మొహమాటమే.

పాతకాపు:
ఆ మొహమాటం సంగతి నాకు తట్టనే లేదు. రేడియోతరంగం గారూ, పరీక్ష పాసయ్యేదాకా వాచ్ వద్దు అన్నారు కదా, అందుకోసం ఓడ బయల్దేరడాన్ని వారం ఆపమంటే ఒప్పుకుంటారా?

రేడియోతరంగం:
ఒప్పుకుంటాను. ఆ వారం ఓడ ఆగాల్సిందే.