పాలో డ్యూరో కాన్యన్: పెద్దవాళ్లతో లైట్‌హౌస్ ట్రైల్ చేయొచ్చా?

ఫ్రిస్కో_బాటసారి:
అక్టోబర్‌లో డాలస్ నుంచి పాలో డ్యూరో స్టేట్ పార్క్‌కి రెండు రోజులకి వెళ్దామనుకుంటున్నాం. అత్తయ్య, మామయ్య 65 దాటినవాళ్లు, బాబుకి 8 ఏళ్లు. లైట్‌హౌస్ అనే రాతి స్తంభం దాకా అందరం నడవగలమా? మామయ్యకి చరిత్ర అంటే ప్రాణం, అక్కడ ఆయనకి చూపించదగ్గవి ఏమున్నాయి?

కొండదారి:
హైవే 287 మీద విచిటా ఫాల్స్, చిల్డ్రెస్ మీదుగా దాదాపు ఆరు గంటల డ్రైవ్. గ్యాస్ కాన్యన్ ఊళ్లోనే నింపుకోండి, అక్కణ్ణుంచి హైవే 217 మీద తూర్పుగా 12 మైళ్లు. వారాంతాల్లో పార్క్ నిండిపోయి గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు. డే పాస్ నెల ముందు నుంచి, క్యాంప్ సైట్ ఐదు నెలల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు.

లైట్‌హౌస్ రానూపోనూ ఆరు మైళ్ల దాకా ఉంటుంది. మొదట్లో దారి చదునుగా ఉంటుంది కాబట్టి అందరూ తేలికనుకుంటారు. చివర్లో మాత్రం రాళ్లు పట్టుకుని ఎక్కాలి, దిగేటప్పుడు కాళ్ల కింద గులకరాళ్లు జారతాయి. మోకాళ్ల నొప్పులుంటే అక్కడిదాకా వద్దు. దారిపొడవునా నీడ దాదాపు లేదు, నీళ్లూ దొరకవు. మనిషికి ఒక గ్యాలన్ మోసుకెళ్లండి. ఎండ దెబ్బ తగిలేది ఎక్కువగా ఈ ట్రైల్ మీదే: పొద్దెక్కాక బయల్దేరి, అరలీటరు సీసాతో సరిపెట్టుకునేవాళ్లకి. సగం నీళ్లు అయిపోతే, శిఖరం కనిపిస్తున్నా సరే, వెనక్కి తిరగండి.

అత్తయ్యగారికి, మామయ్యగారికి పాసెయో దెల్ రియో బాగుంటుంది. ఏటి పక్కనే చదునైన దారి, చెట్లున్నాయి, కౌబాయ్‌లు మట్టిలో తవ్వుకుని ఉండే ఇంటి నమూనా కూడా దారిలోనే.

ఎర్రమట్టి:
మామయ్యగారిని ముందు అంచు మీదున్న విజిటర్ సెంటర్‌కి తీసుకెళ్లండి. ఆ రాతి కట్టడం, లోయలోకి దిగే రోడ్డు 1930లలో సీసీసీ (నిరుద్యోగ యువకులకి ప్రభుత్వం పని కల్పించిన పథకం) కుర్రాళ్ల చేతిపని. పార్క్ 1934 జూలై 4న తెరిచారు.

అంతకు ముందు కథ బాధగా ఉంటుంది. 1874 సెప్టెంబర్ 28న అమెరికా సైన్యానికి చెందిన కర్నల్ మెకెంజీ దళం తెల్లవారుజామున సన్నటి బాటలో లోయలోకి దిగి కొమాంచీ, కయొవా, షయెన్ అనే స్థానిక తెగల శిబిరాల మీద పడింది. చనిపోయినవాళ్లు తక్కువే. కానీ చలికాలానికి దాచుకున్న తిండి, గుడారాలు తగలబెట్టారు, సుమారు 1,400 గుర్రాల్ని పట్టుకుని వెయ్యికి పైగా కాల్చేశారు. గుర్రం లేకపోతే వేటా లేదు, వలసా లేదు. అందుకే ఆ తెగలకి ప్రభుత్వం కేటాయించిన రిజర్వేషన్ భూములకి వెళ్లక తప్పలేదు. ఏ శిలాఫలకం దగ్గరైనా ఈ సంగతి బాబుకి కూడా చెప్పండి. రెండేళ్లకే, 1876లో, చార్లెస్ గుడ్‌నైట్ అనే పశువుల వ్యాపారి ఇదే లోయలోకి పశువుల్ని తోలుకొచ్చాడు.

అన్నట్టు, ఎర్ర గోడల్లో తెల్లటి దారాల్లాంటి చారలు జిప్సం. ఎండ పడితే పట్టులా మెరుస్తాయి. చూడండి కానీ ఒక్క ముక్క కూడా తీసుకోవద్దు, నిషేధం.

కొండదారి:
ఒక మాట మరిచా. వాన పడితే ఆ ఎర్ర బంకమట్టి బూటుకి ముద్దలుగా అంటుకుంటుంది, పైగా తడిసిన బాట మీద నడిస్తే గుంతలు పడి పాడవుతుంది కాబట్టి ట్రైల్స్ మూసేస్తారు. ఏరు పొంగితే లోపలి రోడ్డూ ఆగిపోతుంది. బయల్దేరే ముందురోజు పార్క్ సైట్‌లో హెచ్చరికలు చూసుకోండి. లోయ అడుగున ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు, మ్యాప్ ముందే దించుకోండి.

ఫ్రిస్కో_బాటసారి:
సరే అండీ. వాళ్లిద్దరినీ ఏటి దారిలో నడిపిస్తాం, బాబుతో లైట్‌హౌస్‌కి తెల్లారగానే మేమిద్దరం బయల్దేరతాం.

ఎర్రమట్టి:
తొమ్మిదింటికల్లా పైన ఉండేలా చూసుకోండి. బాబు నీళ్లు బాబు సంచిలోనే పెట్టకండి, సగం మీరే మోయండి.